కొట్టు దాటేదాకా ఊపని తోక

అద్దాల కొట్టులో పుట్టినవాడికి తోడు కరువేమిటని ఎవరైనా అనుకోవచ్చు. ఎటు తిరిగినా ఒక పిల్లాడు కనిపిస్తాడు. నవ్వితే నవ్వుతాడు, వెక్కిరిస్తే వెక్కిరిస్తాడు. కాకపోతే ఆ కనిపించేవాళ్ళంతా తనే. తనతో తను ఎంతసేపని ఆడుకుంటాడు ఎవడైనా?

వాళ్ళ ఇల్లు కొట్టు వెనకాల. ఇంట్లోకి వేరే దారి లేదు. వీధిలోంచి రావాలంటే, రెండు వైపులా చెక్క స్టాండ్లకు ఆనించి నిలబెట్టిన గాజు పలకల మధ్య, ఒక్క మనిషి పట్టే సందులోంచి, చేతులు ఒంటికి అంటించుకుని నడిచి రావాలి. మిగతా ఇళ్ళలో పిల్లాడు పరుగెడితే మురిసిపోతారు. ఈ ఇంట్లో గుండెలు పట్టుకుంటారు. అందువల్ల వాడు పరుగు అనే విద్య నేర్చుకోకుండానే బడి వయసుకు వచ్చేశాడు. మలుపు వస్తే ఆగి, తల ముందు పెట్టి చూసి, ఆ తర్వాత కాలు పెట్టేవాడు. ఇలాంటివాణ్ణి ఏ ఆటలో చేర్చుకుంటారు? దొంగా పోలీసు ఆడితే దొంగైనా, పోలీసైనా ఓడిపోయేది వాడే. వీధి పిల్లలు వాడికి పింగాణీ అని పేరు పెట్టారు. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి "జాగ్రత్త నాన్నా, జాగ్రత్త" అన్నప్పుడల్లా ఆ పేరుకు మరో పూత పడేది.

తరగతిలో పక్కన కూర్చునే కుర్రాడు ఒకే ఒక్కసారి బంతి పట్టుకుని ఇంటికి వచ్చాడు. అమ్మ మొదట ఆ బంతి తీసుకుని చంకలో పెట్టుకుంది. తర్వాత వాడి చెయ్యి పట్టుకుని, చూపు ఆనని ముసలమ్మను రోడ్డు దాటించినట్టు, సందు దాటించి పెరట్లోకి చేర్చింది. పావుగంట ఆడుకున్నాక మళ్ళీ అలాగే దాటించి సాగనంపింది. ఆ ఇంట్లో తుమ్మాలన్నా అనుమతి కావాలట అని ఆ కుర్రాడి తల్లి వీధంతా చెప్పింది. ఇక ఎవరూ రాలేదు.

ఇంట్లో ఉన్నది వాడు కాక నలుగురు. అమ్మ, నాన్న, నాయనమ్మ, నాన్నకు అన్నయ్య అయిన పెదనాన్న. కిటికీలకు, బీరువాలకు అద్దాలు బిగించి వచ్చేది నాన్న. కొట్టులో బల్ల దగ్గర నిలబడి గాజు కోసేది పెదనాన్న. పెన్సిలులాంటి కలం, దాని కొసన ఆవగింజంత చక్రం. ఆ కలంతో ఆయన గీత గీసి, అడుగున ఒక చిన్న దెబ్బ వేసి, రెండు చేతులా వంచితే పలక బిస్కట్టు విరిగినట్టు విరిగేది. ఆయన చేతికి ఆ చుట్టుపక్కల సాటి లేదని చెప్పుకునేవారు. ఆయన స్వయంగా చెప్పుకోలేదు కానీ, ఎవరైనా చెబుతుంటే అడ్డుపడేవాడు కాదు.

ఆ కొట్టుకు ఒక పద్ధతి ఉంది. తాతయ్య పెట్టినది. కొట్టులో ఏది పగిలినా ఎవరు అని అడగకూడదు. అందరూ ఉన్నచోట ఆగిపోవాలి, నోరెత్తకూడదు, దగ్గరున్నవాళ్ళు చీపురు తేవాలి, అంతే. తాతయ్య కుర్రతనంలో పరాయి కొట్టులో పనిచేసే రోజుల్లో ఒక పలక చెయ్యి జారిందని యజమాని నలుగురిలో తిట్టాడట. ఆ తిట్లకు చేతులు వణికి, పొద్దుగూకేలోగా ఇంకొన్ని పగిలాయట. తిట్టిన నోటికేం, బాగానే ఉంటుంది, తిట్లు తిన్న చెయ్యే పనికి రాకుండా పోతుందని ఆయన సిద్ధాంతం. ఆయన పోయాక ఆ సిద్ధాంతానికి కాపలా నాయనమ్మ.

అమ్మకు మాత్రం దీనిమీద ఒక ఫిర్యాదు ఉండేది. వంటింట్లో పాలు పొంగితే ఇంటిల్లిపాదీ వచ్చి ఎవరు, ఎలా, ఏం ఆలోచిస్తూ అని విచారణ జరుపుతారు. కొట్టులో నిలువెత్తు అద్దం ముక్కలైతే మాత్రం మౌనం పాటిస్తారు. ఈ ధర్మం గడప దాటి వంటింట్లోకి ఎందుకు రాదని ఒకసారి అడిగింది. గరిటె పట్టే చేతికి వణుకేమిటి అన్నాడు నాన్న. ఆ పూట కూరలో ఉప్పు లేదు. ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం లేక.

కుక్క దొరికింది ఆ ఇంటి పెరట్లోనే. పగిలిన గాజు పోసే ఇనప డబ్బా వెనక, గోడ కూలిన సందులోంచి దూరి వచ్చి పడుకుంది. ఒక చెవి కొస తెగి ఉంది. పక్కటెముకలు లెక్కకు వచ్చేలా ఉన్నాయి. పింగాణీ తన పళ్ళెంలోది సగం తెచ్చి పెట్టాడు. అది తిని, వాడి మోకాలి మీద గడ్డం ఆనించింది. అప్పటిదాకా వాడి మీద అలా ఆనినవాళ్ళు ఎవరూ లేరు. ఆనితే పగులుతాడన్నట్టు చూసేవాళ్ళే అందరూ.

కుక్కా, గాజుకొట్టులోనా అని నాన్న కొట్టిపారేశాడు. పింగాణీ ఏడవలేదు, బతిమాలలేదు. కోయగా మిగిలిన ముక్కను పారేయకూడదని, ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక ఫొటోకు సరిపోతుందని నాన్నే కదా రోజూ చెప్పేది. ఇది కూడా ఎవరో తమకు కావలసింది కోసుకోగా మిగిలిన ముక్కే కదా అన్నాడు.

"గీత సరిగ్గా పడింది తమ్ముడూ," అన్నాడు పెదనాన్న. "ఇక నువ్వు విరక్క తప్పదు."

అలా దానికి ముక్క అనే పేరూ, ఉండడానికి చోటూ ఒకేసారి దొరికాయి. షరతు ఒక్కటే. దాని మూలంగా ఒక్క పలక పగిలినా ఆ రోజే బయటికి.

అమ్మ కుక్క మొహం చూడలేదు, తోక చూసింది. చూసి నిట్టూర్చింది. చేంతాడంత తోక. పింగాణీ కనబడితే చాలు, అది తోక ఊపడం కాదు, తోకే దాన్ని ఊపేది. కుక్కతోక వంకర తీయలేమన్నారు పెద్దలు. వాడు వంకర జోలికి పోలేదు. ఊపు సంగతి చూసుకున్నాడు.

దాని సంతోషమంతా తను దాన్ని చూడటంలో ఉందని వాడు కనిపెట్టాడు. చూడటం మానేశాడు. బడినుంచి వచ్చేసరికి కుక్క వీధి మెట్ల మీద ఎదురుచూస్తూ ఉండేది. వాడు అప్పు ఎగ్గొట్టినవాడిలా మొహం పక్కకు తిప్పుకుని లోపలికి నడిచేవాడు. వెనక తోక కదిలిన చప్పుడైతే అక్కడినుంచే వెనక్కి తిరిగి, మళ్ళీ వీధిలోకి వెళ్ళి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ వానాకాలమంతా ఇదే చదువు. చివరికి దానికి తలకెక్కింది. కొట్టులో ఉన్నంతసేపు ఇద్దరూ ముఖపరిచయమైనా లేనివాళ్ళలా, ముందు వాడు, వెనక అది, తోక కాళ్ళ మధ్య దాచుకుని నడిచేవారు. వెనక గుమ్మం దాటాక వాడు తిరిగి "ఇప్పుడు" అనేవాడు. అంతే. అప్పటిదాకా ఇద్దరూ దాచుకున్నదంతా పెరట్లో పేలేది. బట్టలు ఆరేసే తీగ చుట్టూ అది తరిమితే వాడు పరుగెత్తేవాడు, వాడు తరిమితే అది. వాడికి పరుగు నేర్పింది ఆ కుక్కే. కాకపోతే ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు.

అద్దంలో కనిపించిన కుక్కను చూసి మొదటిరోజు మొరిగింది ముక్క. దగ్గరికి వెళ్ళి వాసన చూసింది. వాసన లేదు. ఇది ఒట్టి మాయ అని తేల్చుకుని మళ్ళీ అద్దం వంక చూడలేదు. గంటలకొద్దీ అద్దం ముందు నిలబడే బంధువుల పేర్లు కొన్ని అమ్మ నోటిదాకా వచ్చాయి కానీ, మింగేసింది.

ఆ ఊళ్ళో నాట్యం నేర్పే టీచరు ఒకావిడ ఉంది. పిల్లలు తమ అడుగులు తాము చూసుకోవాలని గోడ పొడవునా అద్దం చేయించమంది. కొట్టుకు అంత పెద్ద పని వచ్చి చాలా కాలమైంది. మూడు అద్దాలు పక్కపక్కన అతికినట్టు కూర్చోవాలి. రెండు కోయడం అయింది. మూడోది బల్ల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు.

ఆ సాయంత్రం కొట్టులో పెదనాన్న ఒక్కడే ఉన్నాడు. మూల చెక్కపెట్టె మీద కూర్చుని పింగాణీ ఎక్కాలు రాసుకుంటున్నాడు. పెట్టె కింద కుక్క నిద్రపోతోంది. పెదనాన్న కొలబద్ద పెట్టి కలంతో గీత గీశాడు. వంగి చూశాడు. కళ్ళజోడు పైకి తోసి చూశాడు. వేలితో తడిమాడు. తర్వాత కలం తీసి అదే గీత మీద మళ్ళీ గీశాడు.

పింగాణీ పెన్సిలు ఆగిపోయింది. గీసిన గీత మీద మళ్ళీ కలం పెట్టకూడదు. పెడితే గాజు మాట వినదు. ఆ ఇంట్లో పిల్లలకు అక్షరాలకన్నా ముందు నేర్పేది అదే. పెదనాన్న అడుగున దెబ్బ వేసి, రెండు చేతులా పట్టి వంచాడు. గీత వెంట వెళ్ళవలసిన చీలిక సగం దూరం బుద్ధిగా వెళ్ళి, అక్కడినుంచి అడ్డంగా తిరిగి, అద్దం నడుమ దాకా పోయింది. పెద్ద సగం బల్ల అంచున జారి కింద పడింది.

చప్పుడుకు నాన్న లోపలినుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. అమ్మ చీపురు తెచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. అక్కడితో ముగిసిపోయేదే. కానీ సరిగ్గా అప్పుడే, పని ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని, నాట్యం టీచరు మెట్లెక్కి వచ్చింది.

"అయ్యో, ఎవరు పగలగొట్టారండీ?" అంది.

బయటిమనిషి ఎవరైనా అడిగే మాటే అది. కానీ ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు మూడు తరాలుగా ఎవరికీ లేదు. నాన్న నోరు తెరిచాడు. అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకుంటున్నాడు. నాన్న నేల వైపు చూశాడు. చప్పుడుకు లేచిన కుక్క పెట్టె కిందినుంచి అప్పుడే బయటికి వచ్చి, తోక కాళ్ళ మధ్య దాచుకుని, ఎప్పటిలా బుద్ధిగా నిలబడి ఉంది.

"కుక్కండీ," అన్నాడు నాన్న.

అనడానికి ఎంతసేపు పట్టిందో, అది నిజమైపోవడానికీ అంతే పట్టింది. తనకు అసలే కుక్కలంటే భయమని, ఇది ఇక్కడుండగా ఇంకో అద్దం చేయించడం అంటే పగలగొట్టడానికి దీనికి ఇంకోటి అందించడమేనని ఆవిడ అంది. ముందు దీన్ని పంపించేయండి, తర్వాతే పని, లేదంటే అద్దాలు చేసేవాళ్ళు బజారులో ఇంకొకరు ఉన్నారు అని మెట్లు దిగింది. నాన్న అలాగేనన్నాడు.

ఎవరో ఒకరు చెబుతారని పింగాణీ ఎదురుచూశాడు. అమ్మ ఊడ్చింది. నాన్న పెద్ద ముక్కలు ఏరాడు. పెదనాన్న కళ్ళజోడు తుడిచాడు. అది గాజు కాకపోతే ఈపాటికి అరిగిపోయేది. మాట్లాడకపోవడం మర్యాద అని వాడికి చిన్నప్పటినుంచి చెప్పారు. ఆ మర్యాద ఇంకేం చేయగలదో వాడు ఆ సాయంత్రం చూశాడు.

అన్నాలయ్యాక పింగాణీ పెదనాన్న మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"చెప్పు పెదనాన్నా."

"ఏం చెప్పమంటావురా. మనింట్లో ఎవరని అడగం కదా."

"అడిగారు. నాన్న చెప్పేశాడు కూడా."

పెదనాన్న గోడవైపు తిరిగాడు. "కుక్కకి మాట పడటం ఏముందిరా. దానికి తెలీనే తెలీదు. ఎక్కడుంటే అక్కడ తింటుంది."

వాడు నాయనమ్మ దగ్గరికి వెళ్ళాడు. అడిగింది పరాయి మనిషి, ఆవిడకు మన పద్ధతి ఏం తెలుసు అంది నాయనమ్మ. నాన్నకు తెలుసు కదా అన్నాడు వాడు. ఆ పద్ధతి మనుషులకు పెట్టినదని నాయనమ్మ వివరించబోయింది.

"మనుషులకే అని తాతయ్య అన్నాడా?"

"అప్పుడు కుక్క లేదురా."

"ఇప్పుడుంది."

నాయనమ్మకు పళ్ళు లేవు గానీ మాటకు మాట అప్పజెప్పడంలో ఆవిడకు ఎదురు లేదు. అలాంటిది ఆ రాత్రి దీపం ఆర్పేసి పడుకోమంది.

నాన్న దగ్గర ఇంకో రకం జవాబు దొరికింది. గాజు తెచ్చే లారీ రెండ్రోజుల్లో వస్తుంది. డ్రైవరుతో మాట్లాడాడు. ఫ్యాక్టరీ దగ్గర పెద్ద ఆవరణ ఉంది, తోటి కుక్కలున్నాయి, క్యాంటీను తిండి మిగులుతుంది, తిరగడానికి బోలెడు చోటు. ఇక్కడికన్నా వంద రెట్లు సుఖంగా బతుకుతుంది అన్నాడు.

"అంత బాగుంటే నువ్వే వెళ్ళు నాన్నా," అన్నాడు పింగాణీ.

ఆ ఇంట్లో గ్లాసు పెట్టినంత నెమ్మదిగా మాట్లాడే పిల్లాడు అన్న మాట అది. అమ్మ గబుక్కున పొయ్యివైపు తిరిగింది. ఆవిడ భుజాలు కదలడం చూసి, పాపం ఏడుస్తోందనుకున్నాడు నాన్న. అది ఏడుపు కాదు.

లారీ వచ్చింది. లారీ వచ్చిన రోజు ఆ ఇంట్లో ఊపిరి పీల్చడం కూడా వంతులవారీగా జరుగుతుంది. మనిషికన్నా ఎత్తైన పలకల్ని ఒక్కొక్కటిగా దింపి, అటొకరు ఇటొకరు పట్టుకుని మోసుకుంటూ లోపలికి తేవాలి. మొదట డ్రైవరు కుక్క మెడకు తాడు కట్టి, ఆ తాడును లారీ వెనక కొక్కేనికి ముడివేశాడు. కుక్క మొరగలేదు, లాగలేదు. కొట్టువైపు చూస్తూ కూర్చుంది. వీధి పిల్లలు గోళీలు ఆపి గోడ ఎక్కారు.

పింగాణీ లోపలికి వెళ్ళాడు. బడి బూట్లు తొడుక్కున్నాడు. నాన్న తోలు గ్లౌజులు తొడుక్కున్నాడు, మోచేతులదాకా వచ్చాయి. తిరుగుబాటు తిరుగుబాటే, జాగ్రత్త జాగ్రత్తే. మంగలి షాపు కిటికీకని పొద్దున నాన్న కోసిపెట్టిన పలక స్టాండు చివర ఉంది. దాన్ని నిలువుగా ఎత్తి, అడుగు అంచు ఒక అరచేతిలో, పక్క అంచు ఇంకో చేతిలో పట్టుకుని, నేర్పినట్టే పద్ధతిగా బయటికి తెచ్చాడు. ఎంత పద్ధతిగా అంటే, సాయం చేస్తున్నాడనుకుని డ్రైవరు "బాబుకి దారివ్వండి" అంటూ తనూ పక్కకి జరిగాడు.

నాన్నా, పెదనాన్నా అప్పుడే ఒక పెద్ద పలకను లారీలోంచి దింపుకుని, చెరో వైపు పట్టుకుని మెట్లవైపు తిరిగారు. ఇద్దరి నాలుగు చేతులూ గాజుకు అప్పగించి ఉన్నాయి. పింగాణీ ఎదురుచూసింది దానికే.

అటూ ఇటూ చూశాడు. దగ్గరలో ఎవరి కాళ్ళూ లేవు. చేతులు వదిలేశాడు.

వీధి రాళ్ళ మీద పలక పగిలిన చప్పుడు ఎదురింటి మేడదాకా వెళ్ళి తిరిగొచ్చింది. అందరూ ఉన్నచోటే ఆగిపోయారు. అలవాటు ఎంత గట్టిదంటే, అమ్మ కారణం తెలుసుకోకుండానే చీపురుతో గుమ్మంలోకి వచ్చేసింది.

"ఎవరు పగలగొట్టారో అడగండి," అన్నాడు పింగాణీ.

ఎవరూ అడగలేదు.

"నేను. కావాలనే పగలగొట్టాను. కుక్క అక్కడ కట్టేసి ఉంది. అందరూ చూశారు."

నాన్న మొహం ఎర్రబడింది. చేతిలో పలక లేకపోతే ఏం జరిగేదో అందరికీ తెలుసు. చేతిలో పలక ఉందని వాడికీ తెలుసు. వాడు లోపలికి వెళ్ళి రెండో పలక తెచ్చుకుని, మెట్ల మీద, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఇప్పుడు పెద్ద పలక లోపలికి పోవాలంటే వాడు తప్పుకోవాలి. కింద దించాలంటే రాళ్ళ మీద దించకూడదు.

"ముందు పక్కకి తప్పుకో," అన్నాడు నాన్న, పళ్ళ మధ్యనుంచి. "తర్వాత చెప్తా నీ సంగతి."

"ఇప్పుడే చెప్పు. పగలగొట్టినవాళ్ళు లారీ ఎక్కాలంటే నేనూ ఎక్కుతాను. అక్కర్లేదంటే దాన్ని దింపు."

పిల్లల్ని ఎక్కించుకోవడం తనవల్ల కాదని, తనను మధ్యలోకి లాగొద్దని డ్రైవరు మనవి చేసుకున్నాడు. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. నాయనమ్మ వచ్చి వాడి వెనక నిలబడింది. ఆవిడ వాడి చేతిలోది లాక్కుంటుందని నాన్న ఆశపడ్డాడు. ఆవిడ కింద ముక్కలు చూసింది, తాడు చూసింది, పెద్ద కొడుకును చూసింది.

"వాడు అడిగినదానికి జవాబు చెప్పరా," అంది చిన్న కొడుకుతో.

"అమ్మా, అది వేరు ఇది వేరు. వీడు కావాలని పడేశాడు."

"అవును," అన్నాడు పింగాణీ. "కుక్క కావాలని చెయ్యలేదు, అనుకోకుండానూ చెయ్యలేదు. నిద్రపోతోంది. నేను చూశాను."

చూశాను అన్న మాటతో నాన్న చేతుల్లో పలక కొద్దిగా కదిలింది. అటు చివరనున్న పెదనాన్న చేతులు అప్పటికే కదులుతున్నాయి. పింగాణీ ఆయన వైపు చూడలేదు. పేరు కూడా ఎత్తలేదు. పలక అంచు గడ్డానికి తగిలేలా పట్టుకుని నాన్న కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపైనా అలాగే నిలబడేలా ఉన్నాడు. కదలకుండా నిలబడటం ఆ ఇంట్లో నేర్పిన విద్యే కదా.

"ఆ రోజు గీత మీద మళ్ళీ కలం పెట్టింది నేను," అన్నాడు పెదనాన్న.

ఆ కొట్టులో అలాంటి వాక్యం అంతకుముందు ఎవరూ పలకలేదు. గోడ మీద పిల్లలకు దాని అర్థం తెలియదు గానీ, వాళ్ళూ కదలడం మానేశారు.

"గీత కళ్ళకి ఆనలేదు. ఎన్నాళ్ళనుంచో ఆనడం లేదు. చేత్తో తడుముకుని లాక్కొస్తున్నా." పెదనాన్న ఊపిరి తీసుకున్నాడు. "గట్టిగా పట్టుకో తమ్ముడూ, నా చేతులు లాగుతున్నాయి. ఆ కుక్క తాడు విప్పించు."

డ్రైవరు చెప్పకముందే విప్పేశాడు. తన బండికి ఇంత తతంగం చుట్టుకుంటుందని ముందే తెలిస్తే తాడే తెచ్చేవాణ్ణి కాదన్నాడు. పింగాణీ గుమ్మం లోంచి తప్పుకుని, రెండో పలకను స్టాండులో, అడుగున గుడ్డ సరిచేసి మరీ పెట్టాడు. పెద్ద పలక లోపలికి వెళ్ళింది. కుక్క మెట్లెక్కి, తోక దాచుకుని, వాడి మొహం వంక చూడకుండా, వాడి వెనక వెళ్ళింది.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందనుకోనక్కర్లేదు. మంగలికి నాన్న రాత్రి కూర్చుని మళ్ళీ పలక కోశాడు. పింగాణీ వీధి రాళ్ళ సందుల్లోంచి గాజు పెంకులు ఏరుతూ కూర్చున్నాడు, అదీ శిక్ష. పెదనాన్న ఆ రోజంతా వాడితో మాట్లాడలేదు. వాడికి అన్నం దిగలేదు. తప్పు చేశానని మాత్రం అనిపించలేదు. మర్నాడు పొద్దున పెదనాన్నే పిలిచాడు.

"నా పేరు చెప్పేస్తావనుకున్నానురా."

"అడక్కూడదంటే చెప్పకూడదు కూడా కదా," అన్నాడు వాడు.

పెదనాన్న వాడి తల మీద చెయ్యి పెట్టాడు.

నాన్న లొంగిరావడానికి ఇంకో పూట పట్టింది. మళ్ళీ ఇలాంటి పని చెయ్యనని చెప్పమన్నాడు.

"నువ్వు మళ్ళీ కుక్క అనకు. నేను మళ్ళీ చెయ్యను."

"తండ్రికే షరతులు పెడతావా?"

"ఆ," అన్నాడు పింగాణీ. పైగా ఇంకొకటి ఉందన్నాడు. నాట్యం టీచరుకు అబద్ధం చెప్పింది నాన్న కాబట్టి నిజం చెప్పవలసింది కూడా నాన్నేనట. తను కూడా వస్తాడట. కుక్క కూడా వస్తుందట. ఈ పిల్లాడు ఎవరి పోలిక అని నాన్న వాపోయాడు. మీ నాన్నగారిదే అయి ఉంటుంది, మా వైపు ఇలాంటి మొండివాళ్ళు లేరు అంది అమ్మ, కళ్ళు దించుకుని కూరగాయలు తరుగుతూ.

నాట్యం నేర్పే హాలు రెండు వీధుల అవతల. తలుపులు తీసి ఉన్నాయి. పిల్లలు బారుగా నిలబడి, అద్దం లేని గోడవైపు తిరిగి, అడుగులు వేస్తున్నారు. లారీ వచ్చిన రోజు గోడ ఎక్కి చూసిన పిల్లల్లో ముగ్గురు అక్కడే ఉన్నారు. కుక్కను చూసి టీచరు రెండడుగులు వెనక్కి వేసింది. ఇది లయలో లేని అడుగు.

నాన్న గుమ్మంలో నిలబడి చెప్పాడు. తడబడ్డాడు, చెమట తుడుచుకున్నాడు, కానీ చెప్పాడు. ఆ రోజు కుక్క కాదని, తమ చేతి పొరపాటని, తను నోరు జారానని. ఇకమీదట గీత తను గీస్తాడు, విరిచేది అన్నయ్యే, విరుపులో ఆయన చేతికి కళ్ళతో పనిలేదు. అద్దం వారంలోగా గోడకు ఎక్కుతుంది. ఎవరి చేతి పొరపాటని ఆవిడ అడగలేదు. కాసేపు కుక్కను చూసింది. అది ఆవిడను కాదు, పింగాణీని చూస్తోంది. తోక నెమ్మదిగా, ఆ చివరనుంచి ఈ చివరకు, నేల ఊడుస్తోంది.

"సరే బాబూ," అంది ఆవిడ నవ్వుతూ. "అయితే ఉంచుకో మీ కుక్కని. పంపించక్కర్లేదు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. పింగాణీ నవ్వలేదు, కదల్లేదు.

"నాక్కాదండి," అన్నాడు. "దానికి చెప్పండి. మాట పడింది అది."

టీచరు నవ్వు ఆగిపోయింది. పద పద అంటూ వాడి రెక్క పట్టుకుని లాగుతున్న నాన్న, ఆ మాట విని, లాగడం మానేశాడు.